ముప్పై లెక్కపెట్టేలోపు

2021 నవంబరులో ఒక సోమవారం రాత్రి, పిల్లల భోజనాలు ముగిసి, చిన్నది నిద్రపోయి, మర్నాటి బడిసంచి వీధి తలుపు పక్కకు చేరిన తరువాత, మా అబ్బాయి చదివే ప్రాథమిక పాఠశాల నుంచి ఫోనుకు రెండు వాక్యాల సందేశం వచ్చింది. కోవిడ్ పరీక్షలో వాళ్ల తరగతి పూల్, అంటే పిల్లలందరి నమూనాలూ కలిపిన గొట్టం, పాజిటివ్‌గా తేలిందని మొదటి వాక్యం; రేపు ఉదయం ఎనిమిదింటిలోపు రెండో నమూనా తెచ్చి ఇవ్వాలని, ఫలితం వచ్చేదాకా పిల్లలెవరూ బడికి రాకూడదని రెండో వాక్యం. వేసవి సెలవుల తరువాత అది మాకు మూడోసారి. మొదటిసారి ఆ సందేశం చదివినప్పుడు నా చేతులు చల్లబడ్డాయి. మూడోసారికి మావారూ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకుని, మర్నాడు ఎవరి పని ఎవరు వాయిదా వేసుకోవాలో మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. భయం ఎక్కడికీ పోలేదు. ముందు పని చక్కబెట్టుకుని, ఆ తరువాత భయపడడం అలవాటైంది.

మేము జర్మనీలో, నార్త్ రైన్-వెస్ట్‌ఫేలియా రాష్ట్ర రాజధాని డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉంటాం. ఇక్కడి చిన్నబడుల్లో కోవిడ్ పరీక్షలు ఎలా జరిగేవో ఆ రోజుల్లో ఊరికి ఫోన్ చేసినప్పుడల్లా చెబుతూనే ఉండేదాన్ని గాని, ముక్కలు ముక్కలుగా చెప్పిన మాట ఎవరికీ సరిగ్గా అందలేదు. "మీ వాడికి వారానికి రెండుసార్లు ముక్కులో పుల్ల పెడతారటగా" అని మా పిన్ని ఇప్పటికీ జాలిపడుతుంది. ముక్కులో కాదు పిన్నీ, నోట్లో. ఆ ఒక్క తేడా మీదే ఆ పద్ధతంతా నిలబడింది.

దానిని ఇక్కడ లాలీ పరీక్ష అనేవారు. చివర దూది ఉన్న పుల్లను పిల్లవాడు లాలీపాప్ చప్పరించినట్టు ముప్పై సెకన్లు చప్పరించాలి. తరగతిలోని ఇరవై నాలుగు మంది పుల్లలనూ ఒకే గొట్టంలో వేసి మూత పెట్టి ప్రయోగశాలకు పంపితే, అక్కడ ఇరవై నాలుగు పీసీఆర్ పరీక్షలకు బదులు ఒక్కటే చేస్తారు. ఆ గొట్టాన్నే పూల్ అంటారు. నెగెటివ్ వస్తే ఆ రోజు తరగతిలో అందరూ క్షేమమన్నట్టే. పాజిటివ్ వస్తే అందులో కనీసం ఒకరికి సోకిందని తెలుస్తుంది, ఎవరికో తెలియదు. అది తేల్చడానికి ఒక్కొక్కరి నమూనా విడిగా ఇవ్వాలి. కొలోన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రి వైద్యులు పరిశీలించి చూసిన ఈ పద్ధతిని 2021 మే 10 నుంచి రాష్ట్రంలోని ప్రాథమిక పాఠశాలలన్నిటిలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల పాఠశాలల్లో మొదలుపెట్టారు. మూడు వేల ఏడు వందలకు పైగా బడులు, ఏడు లక్షలకు పైగా పిల్లలు, వారానికి రెండుసార్లు. మా వాడి తరగతికి సోమవారం, బుధవారం.

అప్పటికి మా వాడు ఒకటో తరగతి. ఇక్కడ బడిలో చేరే రోజున పిల్లల చేతికి వాళ్ల ఎత్తులో సగముండే రంగుకాగితపు శంకువు నిండా మిఠాయిలు, పెన్సిళ్లు పోసి ఇస్తారు. 2020 ఆగస్టులో ఆ శంకువును గుండెలకు హత్తుకుని, ముఖానికి మాస్కుతో వాడు బడిలోకి నడిచాడు. నాలుగు నెలలు గడిచాయో లేదో, డిసెంబరు మధ్యలో బడి మూసేశారు. ఫిబ్రవరి 22న సగం తరగతి ఒక రోజు, మిగతా సగం మరో రోజు చొప్పున తెరిచారు. ఏప్రిల్‌లో ఈస్టరు సెలవుల తరువాత మళ్లీ ఒక వారం ఇంటి నుంచే చదువన్నారు. అక్షరాలు కూడబలుక్కునే వయసులో వాడికి గురువు ముఖం తెరమీద అరచేతంత కనిపించేది. అందుకే మే నెలలో లాలీ పరీక్షల సంగతి చెప్పినప్పుడు, ఇంకొక తలనొప్పి అని కొందరు తల్లిదండ్రులు విసుక్కున్నా, నాకు మాత్రం బడి తలుపు తెరిచి ఉంచేందుకు ఎవరో ఒక అడ్డుకర్ర తెచ్చినట్టనిపించింది. మే 31న రోజూ, అందరికీ బడి మొదలైంది.

ఆ మే నెల మాకు మరో విధంగా గుర్తుండిపోయింది. ఊళ్లో రెండో వేవ్ నడుస్తోంది. గుంటూరులో మా పెదనాన్నకు ఆక్సిజన్ మంచం కోసం తమ్ముడు ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నాడు. ఏప్రిల్ 26 నుంచి జర్మనీ భారతదేశాన్ని వైరస్ రూపాంతర ప్రాంతంగా ప్రకటించింది కాబట్టి, వెళ్లడమెలాగో తిరిగి రావడమెలాగో తెలియని స్థితి. పెదనాన్న దక్కలేదు. ఆయన పోయిన వార్త విన్న ఉదయమే మా వాడు బడి నుంచి వచ్చి, "అమ్మా, ఈ రోజు మా గొట్టం బాగుందట" అన్నాడు. ఏడు లక్షల మంది పిల్లల ఉమ్మిని వారానికి రెండుసార్లు పరీక్షించగల దేశంలో కూర్చుని, ఒక్క మంచం దొరకని ఊరికి ఫోన్ చేయడంలోని బరువును నేను ఎవరికీ చెప్పుకోలేకపోయాను. ఆ తరువాత కూడా, ఈ పరీక్షల గురించి ఎవరైనా తేలికగా మాట్లాడితే నాకు పెదనాన్నే గుర్తొచ్చేవాడు.

వేసవి సెలవులు అయి బడి తెరిచాక, సెప్టెంబరులో మొదటిసారి పూల్ పాజిటివ్ అయింది. ఇలాంటి రోజు కోసమే టీచరు ముందుగా ప్రతి ఇంటికీ ఒక కవరు పంపింది. అందులో పిల్లవాడి పేరుతో అంటించిన గొట్టం, ఒక దూది పుల్ల ఉంటాయి. మర్నాడు ఉదయం ఆరింటికి వాడిని లేపి, వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, పుల్ల నోట్లో పెట్టి లెక్క మొదలుపెట్టాం. సెకన్ల ముల్లున్న గడియారం ఎక్కడుందో ఆ కంగారులో దొరకలేదు. నేను తెలుగులో ఒకటి, రెండు అంటూ లెక్కపెడితే, వాడు పుల్ల చప్పరిస్తూ వేళ్లతో నాతో పాటు లెక్కపెట్టాడు.

ఆ లెక్క మా ఇంట్లో ఊహించని మేలు చేసింది. జర్మన్ భాషలో ఇరవై ఒకటిని "ఒకటీ ఇరవై" అంటారు, ఒకట్ల స్థానం ముందు వస్తుంది. బడిలో అదే నేర్చుకున్న మా వాడు తెలుగులో కూడా ఇరవై దాటగానే తడబడి "రెండు ఇరవై, మూడు ఇరవై" అనేవాడు. నేను ఎన్నిసార్లు దిద్దినా కుదరనిది, పాజిటివ్ వచ్చిన ఉదయాలు దిద్దాయి. మూడో కవరు చింపే నాటికి ఇరవై ఒకటి నుంచి ముప్పై దాకా ఎక్కడా ఆగకుండా చెప్పేవాడు.

గొట్టం మూత బిగించాక అసలు పరుగు మొదలయ్యేది. ప్రయోగశాలకు వెళ్లే బండి వచ్చేలోపు దానిని బడి గేటు దగ్గర అప్పగించాలి. ఆలస్యమైతే పిల్లల డాక్టరు దగ్గర సమయం తీసుకుని విడిగా పీసీఆర్ చేయించుకోవలసిందే, ఆ రోజుల్లో పిల్లల డాక్టరుకు ఫోన్ కలవడమే గగనం. చీకటి విడవని చలి ఉదయాన గేటు ముందు తల్లులు, తండ్రులు కోటు జేబుల్లో గొట్టాలు పట్టుకుని బారులు తీరేవారు. పిల్లలు ఇళ్లలోనే ఉండేవారు కాబట్టి బడి దగ్గర పిల్లల గొంతు ఒక్కటీ వినిపించేది కాదు. ఒకరినొకరం పలకరించుకునేవాళ్లం గాని, మాటలు రెండు దాటేవి కావు. ప్రతివారి మనసులోనూ ఒకటే ప్రశ్న ఉండేది: మాదా, వాళ్లదా?

ఆ పగలంతా పిల్లవాడు ఇంట్లో ఉంటాడు, ఒంట్లో ఏ నలతా కనిపించదు, బంతి గోడకేసి కొడుతూ ఉంటాడు. మర్నాడు తెల్లవారుజామున ఫలితం వస్తుంది. నెగెటివ్ అయితే వెంటనే బడికి పంపవచ్చు. అది బుధవారం కాబట్టి మళ్లీ లాలీ, మళ్లీ గొట్టం, ఆ రాత్రి మళ్లీ ఎదురుచూపు. నవంబరులో ఒక వారం సోమవారం పూల్, బుధవారం పూల్ రెండూ పాజిటివ్ వచ్చాయి. ఆ వారంలో మా వాడు బడిలో గడిపింది మూడే రోజులు.

మిగిలిన రోజుల్లో బడిలో చలితో పోరాటం. ఇరవై నిమిషాలకు ఒకసారి కిటికీలు బార్లా తెరిచి గాలి మార్చాలన్నది దేశమంతటా ఇచ్చిన సూచన. బయట సున్నా డిగ్రీలున్నా తెరవవలసిందే. పిల్లలు కోట్లు వేసుకునే పాఠాలు వినేవారు. వీడియో కాల్‌లో మనవడి ముక్కు ఎర్రబడి ఉండడం చూసి మా అమ్మ గుంటూరు నుంచి రెండు మంకీ క్యాపులు పార్సిల్ పంపింది. మే నెల ఎండలో జీవితమంతా గడిపిన మనిషి, చలికి మనవడి చెవులు ఎంత నొప్పి పెడతాయో ఎలా ఊహించిందో తెలియదు. వాడు ఆ ముదురు గోధుమరంగు టోపీ పెట్టుకుని వెళితే, మర్నాటి నుంచి తరగతిలో పిల్లలు అది తమకూ కావాలని అడగడం మొదలుపెట్టారు.

ఉద్యోగాల సంగతి. ఇక్కడ పిల్లలకు జబ్బు చేస్తే తల్లిదండ్రులు తీసుకునే సెలవులు వేరుగా ఉంటాయి. కోవిడ్‌కు ముందు మామూలుగా బిడ్డకు ఒక్కొక్కరికి ఏడాదికి పది రోజులు ఉండేవి. కోవిడ్ కాలంలో వాటిని దశలవారీగా ముప్పైకి పెంచారు, బడి మూసినప్పుడు, తరగతిని ఇంటికి పంపినప్పుడు కూడా వాడుకోవచ్చన్నారు. ఆరోగ్య బీమా సంస్థ చేతికొచ్చే జీతంలో సుమారు తొంభై శాతం ఇస్తుంది. చట్టం ఇంత ఉదారంగా ఉన్నందుకు నేను కృతజ్ఞురాలిని. కాని, రాత్రి తొమ్మిదింటికి వచ్చిన సందేశంతో మర్నాడు ఉదయం సెలవు పెట్టే ఉద్యోగిని ఏ జట్టు నాయకుడూ నాలుగోసారి మొదటిసారంత సౌమ్యంగా చూడడు. మావారిది షిఫ్టు పని, మానితే మరొకరు నిలబడాలి. నాది ఇంటి నుంచి చేసే పని కాబట్టి, చర్చ ఎక్కడ మొదలైనా చివరికి నా దగ్గరే ఆగేది. పిల్లవాడిని పక్క గదిలో పెట్టుకుని, మైకు ఆపుతూ తెరుస్తూ చేసిన ఆ సమావేశాల్లో నేను ఉద్యోగానికీ పూర్తిగా లేను, వాడికీ పూర్తిగా లేను. గేటు దగ్గర బారులో తల్లులే ఎక్కువ కనిపించేవారని ఇంతకుముందే రాయవలసింది.

అయినా ఇవన్నీ మోయగలిగిన బరువులే. మేము సిద్ధపడని బరువు వేరే ఉంది. పూల్ పద్ధతిలో ఎంతో ఆలోచించి చేసిన మేలు ఒకటుంది: గొట్టం ఎవరి పేరూ చెప్పదు. విడి నమూనా ఫలితం కూడా మిగతా ఇళ్లకు చెప్పరు. ఎవరికి సోకిందో టీచరు తరగతిలో చెప్పదు, బడి మాకు రాయదు. ఆ మరుగును చెరిపేసింది మేమే, తల్లిదండ్రులం. పూల్ పాజిటివ్ అని తెలిసిన పావుగంటలో తరగతి తల్లిదండ్రుల వాట్సాప్ బృందంలో మాటలు మొదలయ్యేవి. ఎవరు సెలవుల్లో విదేశానికి వెళ్లొచ్చారు, ఎవరి పిల్లవాడు శుక్రవారం దగ్గాడు, ఎవరి ఇంట్లో టీకా వేయించుకోలేదు. రెండు రోజుల తరువాత ఏ కుర్చీ ఖాళీగా ఉందో పిల్లలు ఇంటికొచ్చి చెప్పగానే ప్రశ్నకు జవాబు దొరికినట్టయ్యేది. నేను ఆ బృందంలో ఒక్క మాట కూడా రాయలేదు గాని, ప్రతి మాటా చదివాను, మనసులో నేనూ లెక్కలు కట్టాను. బడి నుంచి వాడు రాగానే "ఈ రోజు ఎవరు రాలేదు నాన్నా?" అని అడిగిన తల్లుల్లో నేనూ ఉన్నాను. ఆ ప్రశ్న ఏడేళ్ల పిల్లవాడికి ఏం నేర్పుతుందో అప్పుడు నాకు తట్టలేదు.

మా వీధిలోనే ఒక తెలుగు కుటుంబం ఉంది, వాళ్ల అమ్మాయీ మా వాడి తరగతే. 2022 జనవరి రెండో వారంలో ఆ అమ్మాయి నమూనా పాజిటివ్ వచ్చింది. వాళ్లమ్మ నాకు ఫోన్ చేసి, పాలు, కూరలు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టమని అడిగి, ఫోన్ పెట్టేసేముందు గొంతు తగ్గించి, "అక్కా, మన వాళ్లెవరికీ చెప్పకండి, బడిలో కూడా" అంది. తప్పేమీ చేయని బిడ్డ గురించి తల్లి అలా అడగవలసి రావడం నన్ను చాలా బాధపెట్టింది. కాని ఆమె భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. 2020లో మన ఊళ్లలో కోవిడ్ సోకిన ఇంటి గేటుకు కాగితం అంటించేవారు. అధికారుల ప్రత్యేక ఆదేశం లేకుండా అలా అంటించరాదని ఆ ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. విజయవాడలో తమ పుట్టింటి గేటు మీద ఆ కాగితం చూసిన మనిషి ఆమె. ఎండకు అది రాలిపోయాక కూడా పాలవాడు ఆ ఇంటికి రాలేదట.

ఆ జనవరిలో పద్ధతి మారింది. సెలవుల తరువాత, జనవరి 10 నుంచి, పూల్ పుల్లతో పాటే విడి పుల్ల కూడా బడిలోనే తీసుకుని రెండూ ప్రయోగశాలకు పంపడం మొదలుపెట్టారు. పూల్ పాజిటివ్ అయితే అక్కడే విడి నమూనాలు పరీక్షిస్తారు, ఆరింటికి లేవడం, గేటు దగ్గర బారులు తప్పుతాయి. కాగితం మీద చక్కని మార్పు. కాని అప్పటికే ఓమిక్రాన్ ఊరంతా వ్యాపించింది. ఇదివరకు అక్కడక్కడ ఒక పూల్ పాజిటివ్ అయినా ప్రయోగశాలలు తట్టుకునేవి. అన్ని తరగతుల గొట్టాలూ ఒకేసారి పాజిటివ్ కావడం మొదలయ్యేసరికి ఒక్కొక్కరి నమూనా చూడడానికి యంత్రాలు చాలలేదు. ఫలితాలు మధ్యాహ్నానికీ, మర్నాటికీ జారిపోయాయి. జనవరి చివరి వారంలో, బడులకు సిద్ధపడే వ్యవధి లేకుండానే, విడి పీసీఆర్ ఆపేస్తున్నామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఇక పూల్ పాజిటివ్ అయితే పిల్లలకు అప్పటికప్పుడు ఫలితం చెప్పే యాంటిజెన్ పరీక్ష, బడిలోనో పరీక్షా కేంద్రంలోనో.

ఈ నిర్ణయం పద్ధతి ప్రాణాన్నే తీసేసిందని నా అభిప్రాయం. పీసీఆర్ పట్టుకున్న సూక్ష్మమైన జాడను యాంటిజెన్ పట్టుకోలేకపోవచ్చు. పూల్ పాజిటివ్, పిల్లలందరూ యాంటిజెన్‌లో నెగెటివ్, అందరూ తరగతిలో కూర్చుంటారు, మరో రెండు రోజులకు పూల్ మళ్లీ పాజిటివ్. మా తరగతికి సరిగ్గా ఇదే జరిగింది. సోకిన పిల్ల ఎవరో ఆ పిల్లకే తెలియదు. యంత్రాలు చాలని మాట నిజమే, వైద్యులకూ ఆసుపత్రులకూ ముందు ఇవ్వాలన్నదీ న్యాయమే. అయితే డిసెంబరులోనే లెక్క కట్టి చూడవలసిన సంగతిని జనవరి చివర రాత్రికి రాత్రి తెలుసుకున్నట్టు ప్రవర్తించడం వల్ల, మర్నాడు ఉదయం టీచర్లు చలిలో బడి ఆవరణలో నిలబడి, ఒక్కొక్క పిల్లవాడి ముక్కులో పుల్ల పెట్టుకోవడం ఎలాగో చూపించవలసి వచ్చింది. వాళ్లు చదువు చెప్పడానికి వచ్చినవారు.

టీకా సంగతి ఒక్క మాటలో చెప్పి ముందుకెళతాను. అయిదు నుంచి పదకొండేళ్ల పిల్లల టీకా జర్మనీకి 2021 డిసెంబరు మధ్యలో చేరింది, పెద్దల మోతాదులో మూడో వంతు. టీకాల స్థాయీ సంఘం అప్పటికి ఇతర జబ్బులున్న పిల్లలకు, దగ్గరివాళ్లలో ముప్పు ఎక్కువున్నవారు ఉన్న పిల్లలకు గట్టిగా సిఫారసు చేసి, మిగతా వారికి కోరుకుంటే వేయించుకోవచ్చంది. మేము కోరుకున్నాం. పెదనాన్నను పోగొట్టుకున్న ఇంట్లో దాని మీద పెద్ద చర్చ జరగలేదు. జనవరి 8న మొదటి డోసు వేయించాం.

రెండో డోసు తేదీ రాకముందే, జనవరి చివరి రోజుల్లో ఒక ఉదయం, బడి ఆవరణలో చేసిన యాంటిజెన్ పరీక్షలో మా వాడికి రెండో గీత కనిపించింది. బడి నుంచి ఫోన్ రాగానే వెళ్లాను. వాడు మిగతా పిల్లలకు దూరంగా, సైకిళ్లు నిలిపే చోట, మంకీ క్యాపు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. టీచరు వాడికి రెండడుగుల దూరంలోనే, కిందికి వంగి ఏదో చెబుతూ ఉంది. దారిలో వాడేమీ మాట్లాడలేదు. ఇంటి మెట్ల దగ్గర ఆగి, "అమ్మా, సోమవారం మా గొట్టం పాడైంది నా వల్లేనా? అందరూ ముక్కులో పుల్ల పెట్టుకున్నది నా వల్లేనా?" అని అడిగాడు. కాదు అంటే అబద్ధం కావచ్చు. అవును అంటే ఆ వయసు బిడ్డ మీద మోపరాని మాట. "వైరస్ ఎవరినీ అడిగి రాదు కన్నా, నీకు ఎవరి దగ్గర నుంచో వచ్చింది, వాళ్లకు ఇంకెవరి దగ్గర నుంచో" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "మరి నువ్వు రోజూ ఎవరు రాలేదని ఎందుకు అడుగుతావు?" అన్నాడు.

ఆ ప్రశ్నకు నేను ఆ రోజు జవాబు చెప్పలేదు. అడగడం మానేశాను, అదే చెప్పగలిగింది.

జబ్బు తేలికగానే గడిచింది. ఒక రాత్రి జ్వరం, రెండు రోజులు గొంతు నొప్పి. చిన్నదాన్ని కూడా కిండర్‌గార్టెన్ మాన్పించాం. మిరియాల చారు, వేడివేడి అన్నం, అమ్మమ్మ ఫోన్‌లో చెప్పే పేదరాశి పెద్దమ్మ కథలు. ఏడో రోజు పరీక్షా కేంద్రంలో నెగెటివ్ వచ్చింది. వాడి దిగులు మాత్రం జ్వరంలా తగ్గలేదు. బడికి వెళితే అందరూ తననే చూస్తారని, వెళ్లనని మారాం చేశాడు. అందులో కొంత నిజముంది. కోలుకున్న పిల్లల నోట్లో వైరస్ అవశేషాలు చాలాకాలం పీసీఆర్‌కు దొరుకుతాయి కాబట్టి, వాళ్లను కొన్ని వారాల పాటు పూల్‌లో కలపరు. అంటే సోమవారం, బుధవారం ఉదయం అందరి నోళ్లలో పుల్లలుంటే, కోలుకున్న పిల్లవాడి నోరు ఖాళీగా ఉంటుంది. గొట్టం దాచిన పేరును ఆ ఖాళీ నోరు బయటపెడుతుంది. వైద్యపరంగా సరైన నియమమే అది. దాని రెండో ముఖాన్ని చూడగలిగేది తరగతిలో నిలబడ్డ మనిషి మాత్రమే.

అప్పుడు నేను చేసిన పని ఒకటుంది. వాడిని అడిగి, వాడు సరేనన్నాక, తరగతి బృందంలో రాశాను. నాకొచ్చిన జర్మన్‌లో నాలుగు వాక్యాలు: ఈసారి మా అబ్బాయికి సోకింది, ఇప్పుడు బాగున్నాడు, సోమవారం బడికి వస్తున్నాడు, పలకరిస్తే సంతోషిస్తాడు. రాశాక ఫోను బోర్లా పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయాను. గంట తరువాత చూస్తే బృందంలో శుభాకాంక్షలు పెద్దగా లేవు గాని, నాకు విడిగా అయిదు సందేశాలు వచ్చాయి. మా పాపకు అక్టోబరులో వచ్చింది, ఎవరికీ చెప్పలేదు, అని ఒకరు. మా ఇద్దరికీ డిసెంబరులో, అని ఇంకొకరు. మూడు నెలలుగా ఎవరు, ఎవరు అని వెతుకుతున్న వాళ్లలో సగం మంది తమ ఇంటి సంగతి తామే దాచుకుని కూర్చున్నారు. మా వీధి తెలుగు అమ్మాయి వాళ్లమ్మ ఏమీ రాయలేదు. సాయంత్రం బెల్లు మోగితే తలుపు తీశాను. గుమ్మం ముందు స్టీలు గిన్నెలో పులిహోర ఉంది, మెట్ల మలుపు దగ్గర ఆమె నిలబడి ఉంది. "మా అమ్మాయి సంగతి కూడా టీచరుతో మాట్లాడాలక్కా, సోమవారం మీరూ రండి" అంది.

ఇద్దరం వెళ్లాం. టీచరు మా మాట సాంతం విని, ఖాళీ నోటి సంగతి తాను గమనించానని, ఏం చేయాలో ఆలోచిస్తూ ఉన్నానని చెప్పింది. ముప్పై ఏళ్లకు పైగా చిన్నపిల్లలకు చదువు చెప్పిన మనిషి. ఆ రెండేళ్లలో ఆమెకు నర్సు పని, గుమాస్తా పని, తపాలా పని కూడా అప్పగించారు, ఒక్కసారి కూడా పిల్లల ముందు విసుక్కోలేదు.

ఫిబ్రవరిలో ఇంకా కొన్ని వారాలు లాలీ పరీక్షలు సాగాయి. ఆ నెలాఖరుకు అవి ఆగిపోయి, వారానికి మూడు రోజులు ఇంట్లోనే యాంటిజెన్ చేసి పంపమన్నారు. ఏప్రిల్‌లో ఈస్టరు సెలవుల తరువాత అదీ లేదు. ఫిబ్రవరిలో మిగిలిన ఆ కొద్ది సోమ, బుధవారాల్లో, తరగతిలో ముప్పై సెకన్లు లెక్కపెట్టే బాధ్యత పుల్ల అక్కరలేని ఇద్దరు పిల్లలకు టీచరు అప్పగించింది. వాళ్లు కిటికీ దగ్గర నిలబడి బిగ్గరగా లెక్కపెట్టాలి, ముప్పై అనగానే అందరూ పుల్లలు గొట్టంలో వేయాలి. మొదటి రోజు జర్మన్‌లో లెక్కపెట్టారట. రెండోసారి పిల్లలెవరో, మీ ఇంట్లో ఎలా లెక్కపెడతారని అడిగారట. ఆ బుధవారం ఆలస్యంగా వెళ్లిన నేను బడి గోడ పక్కగా నడుస్తుంటే, గాలి కోసం బార్లా తెరిచిన కిటికీలోంచి రెండు గొంతులు వినిపించాయి. ఇరవై ఆరు, ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది.